మొర్రిబంకలో గ్లూకోజ్

ప్రొఫెసర్ రాజేశ్వర్ రావు కన్నా ఆయన తెల్లకోటే ముందు గదిలోకి వచ్చేది. అంత గంజి. మోచెయ్యి వంచితే ఫెళఫెళమని చప్పుడు. వరండాలో ఆ చప్పుడు వినబడగానే ఎమ్మెస్సీ పిల్లలు సిగరెట్లు కాలికింద నలిపేసి పుస్తకాలు తెరిచేవాళ్లు. ఎప్పుడో ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దమనిషెవరో లాబ్‌లో బట్టలన్నీ నలిగి ఉన్నాయని ముక్కు విరిచాడట. ఆ రోజు నుంచి రసాయనశాస్త్ర విభాగంలో చాకలికి వెళ్లే ప్రతి తెల్లబట్టా, కోటు మొదలుకొని చేతిగుడ్డ దాకా, గంజితో బిర్రుగా తిరిగి రావాలని విభాగాధిపతిగా ఆయన హుకుం. అటెండర్ గట్టయ్య శనివారం మూట కట్టేవాడు. వడ్డేపల్లి చెరువు దగ్గరుండే సారలమ్మ ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి తెచ్చేది. హనుమకొండలో ఇంత బిర్రుగా నిలబడే లాబ్ ఇంకోటి లేదని ఆయన గర్వం. మనిషికి గర్వపడటానికి ఏదో ఒకటి కావాలి, ఉండనివ్వండి. ఆ గర్వం ఇంకొకరి నెత్తి మీదికి వచ్చినప్పుడే మనకు దానితో పని.

కమల ఆయన దగ్గర పరిశోధనకు చేరింది డెబ్బై ఆరులో. వరంగల్ పాత బీటు బజార్‌లో బంక, తేనె, ఇప్పపువ్వు, చింతపండు అమ్మే రామలింగం కూతురు. బెల్లం నీళ్లలో కరిగిపోతుంది, బంక మాత్రం ఉబ్బి కూర్చుంటుంది, ఎందుకని చిన్నప్పుడు దుకాణంలో అడిగితే, అడ్డం లేవమన్నారు తప్ప ఎవరూ జవాబు చెప్పలేదు. బెల్లంలోనూ బంకలోనూ ఉన్నవి చక్కెరలేననీ, బంకలో మాత్రం అవి వేలకు వేలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని కొమ్మలు రెమ్మలుగా అల్లుకుంటాయనీ, ఏ చక్కెర పక్కదాన్ని ఏ చేత్తో పట్టుకుందో తేల్చడం ఒక పెద్ద విద్య అనీ ఎమ్మెస్సీలో తెలిసింది. ఇక వేరే పని చెయ్యనని ఆ రోజే అనుకుంది.

ఆమె చేరడానికి ముందు సంవత్సరమే రాజేశ్వర్ రావు సారపప్పు కాసే మొర్రిచెట్టు బంక మీద ఒక పేపర్ అచ్చు వేయించాడు. ఆ బంకలో గెలాక్టోజ్, అరాబినోజ్ అనే చక్కెరలతో పాటు గ్లూకోజ్ కూడా ఉందని రాశాడు. చెట్టు గాయం నుంచి కారే బంకల్లో గ్లూకోజ్ మామూలుగా కనిపించదు. అందుకే అది వార్త అయింది. ఢిల్లీలో సభకు పిలిచారు, శాలువా కప్పారు, ఎక్కడో జర్మనీలో ఎవరో ఆ పేపర్ పేరు ఎత్తారు. పిల్లలు చాటుమాటుగా ఆయనకు గ్లూకోజ్ రావు అని పేరు పెట్టారు. అది ఆయన చెవిన పడింది కానీ కోప్పడలేదు, లోపల సంతోషమే.

"ఆ గ్లూకోజ్ ఏ కొమ్మకున్నది, ఏ చేత్తోని పట్టుకున్నది, నువ్వు తేల్చాలె. అదే నీ థీసిస్," అన్నాడు కమలతో.

అంతకన్నా ఏం కావాలి? కమల రెక్కలు కట్టుకుని పనిలో దిగింది. తండ్రి దుకాణానికి వచ్చే సరుకులో మంచి మొర్రిబంక గడ్డలు తనే ఏరేది. బంకలో బెరడు ముక్కలు, ఇసుక, చీమలు, అన్నీ ఉంటాయి. నీళ్లలో నానబెట్టి, గోరువెచ్చగా చేసి, పలచటి గుడ్డతో వడగట్టి, ఆ నీళ్లలో స్పిరిట్ పోస్తే శుభ్రమైన బంక విరిగిన పాలలా తెల్లగా పేరుకుంటుంది. దాన్ని ఆరబెట్టి ఆసిడ్‌లో ఉడికిస్తే చక్కెరలు చేతులు వదిలి విడిపోతాయి. ఆ చుక్కను పొడుగాటి కాగితం చివర పెట్టి, గాజు తొట్టెలో ద్రావకం పారిస్తే ఒక్కో చక్కెర ఒక్కో దూరం పోతుంది. మందు చల్లి వేడి చేస్తే అరాబినోజ్ ఎర్రగా, గెలాక్టోజ్ గోధుమరంగులో, దాని పక్కనే గ్లూకోజ్ మరో గోధుమరంగు మచ్చగా తేలుతుంది. ఆ ద్రావకంలో పిరిడిన్ కలుపుతారు. అది కుళ్లిన చేపల కంపు కొడుతుంది, ఎన్ని నీళ్లు పోసుకున్నా జుట్టును వదలదు. ఉల్లిపాయ కూడా ఆలోచించి తినే కోమటి ఇంట్లో సాయంత్రం అయ్యేసరికి చేపల వాసన. వాడకట్టు ఆడవాళ్లు కమల తల్లి సావిత్రిని ఆరా తీయడం మొదలుపెట్టారు. "బిడ్డ సైన్స్ చదువుతాంది," అని చెప్పి చెప్పి ఆమెకు నోరు నొప్పి పుట్టింది.

రెండేళ్లు గడిచాయి, గ్లూకోజ్ కమలకు చిక్కలేదు. ఉంటుంది, కానీ నిలకడ లేదు. ఒకసారి మచ్చ ముదురుగా, ఇంకోసారి వెలిసిపోయిన బొట్టులా. అదే చెట్టు బంక, అదే సీసా, అదే చెయ్యి. బంకలో అల్లుకుని ఉన్న చక్కెర అయితే ప్రతిసారీ ఒకే పాలు రావాలి కదా. తన చెయ్యే సరిగా లేదని కమల తనను తానే తిట్టుకుంది. రాజేశ్వర్ రావు కూడా అదే అన్నాడు, నలుగురిలో అన్నాడు.

"నీ చేతికి నిలకడ లేదు కమలా. ఇది దుకాణంల బంక జోకుడు గాదు."

డెబ్బై ఎనిమిదిలో మేడారం జాతర వచ్చింది. చాకలి సారలమ్మ పేరు ఆ జాతర తల్లిదే. బండి కట్టుకుని ఇంటిల్లిపాదీ వెళ్లిపోయారు. లాబ్‌లో వడగట్టే గుడ్డలన్నీ ఆమె మూటలో ఉండిపోయాయి. నానిన బంక ఆగదు, పులిసిపోతుంది. కమల ఇంటికి పోయి, తల్లి నెయ్యి వడగట్టే మెత్తటి పాతచీర ముక్క ఒకటి, ఎన్నో ఏళ్లుగా కుంకుడురసంతో ఉతికీ ఉడకబెట్టీ పలచబడిపోయినదాన్ని, అడిగి తెచ్చుకుంది. ఆ గుడ్డతో వడగట్టిన బంకను ఆసిడ్‌లో ఉడికించి, కాగితం మీద పారించి, మందు చల్లి, వేడి చేసి తీసింది.

గెలాక్టోజ్ ఉంది, అరాబినోజ్ ఉంది. గ్లూకోజ్ లేదు.

ఏదో తప్పు చేశాననుకుని మళ్లీ చేసింది. లేదు. ఇంకోసారి చేసింది. లేదు. ఈసారి మారిందేమిటి? బంక మారలేదు, ఆసిడ్ మారలేదు, గుడ్డ మారింది. అల్మైరా అడుగున పాత వడగుడ్డ ఒకటి మిగిలి ఉంటే తీసి, అయోడిన్ సీసాలోంచి ఒక్క చుక్క దాని మీద వదిలింది. ఎనిమిదో తరగతి పిల్లలు అన్నం మెతుకు మీద వేసి చూసే పరీక్ష అది. చెట్టు బంకలో గంజి ఎందుకుంటుందని ఇన్నేళ్లలో ఆ లాబ్‌లో ఎవరూ ఆ చుక్క వేసి చూడలేదు. గుడ్డ నీలంగా, నల్లటి నీలంగా మారింది.

కమలకు మొదట నవ్వొచ్చింది. రెండేళ్ల ఏడుపంతా ఒక్కసారి దిగిపోయింది. తన చెయ్యి మంచిదే. ఆ నీలపు గుడ్డ పట్టుకుని పరుగులాంటి నడకతో రాజేశ్వర్ రావు గదికి వెళ్లింది. సార్ సంతోషిస్తాడనుకుంది, పిచ్చిది.

"ఏందిది?" అన్నాడు ఆయన.

"వడగుడ్డ సార్. గంజి. గోరువెచ్చటి నీళ్లకు ఈ గంజి దిగి బంకల కలుస్తాంది. స్పిరిట్ పోస్తే రెండూ కలిసే పేరుకుంటయి. ఆసిడ్ల ఉడికిస్తే గంజి ఇరిగి గ్లూకోజ్ అయితది. గంజి లేని గుడ్డతోని వడగడితే గ్లూకోజ్ లేనే లేదు. మల్ల మల్ల చేసి చూసిన."

రాజేశ్వర్ రావు లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"ఇంకెవలకన్న చెప్పినవా?"

"లేదు సార్. ముందు మీకే."

"మంచి పని చేసినవ్." ఆయన ఆ గుడ్డను టేబుల్ సొరుగులో పెట్టి తాళం వేశాడు. "గంజి కొంత కలిసి ఉండచ్చు. అయితే బంకల గ్లూకోజ్ కూడ ఉన్నది. నువ్వు ఎక్కువసేపు ఉడకవెడుతున్నవ్, అది పాడైతాంది."

"అరాబినోజ్ దానికన్న సుకుమారం గద సార్. అది పాడుగాకుంట గ్లూకోజ్ ఎట్ల పాడైతది?"

"నాకు పాఠం చెప్తున్నవా?"

కమలకు అప్పుడే అర్థమైంది. ఈయనకు తెలిసిపోయింది. చెప్పిన క్షణంలోనే తెలిసిపోయింది. తెలిసే తలుపు వేసి వచ్చాడు.

"లేని గ్లూకోజ్ ఏ కొమ్మకున్నదో ఎట్ల రాయాలె సార్?"

"దొరికిందాక చూడు. దొరికినంక సంతకం పెడ్త," అన్నాడు రాజేశ్వర్ రావు.

జాతర నుంచి సారలమ్మ బంగారం ప్రసాదం, అంటే తల్లి గద్దె మీది బెల్లం ముక్క, లాబ్ వాళ్లందరికీ పొట్లం కట్టి తెచ్చింది. గట్టయ్య ఆమెను గేటు దగ్గరే ఆపాడు. నీ ఉతుకుడు మంచిగ లేదు, గుడ్డలు ఖరాబు చేసినవ్, రేపటి నుంచి రావద్దన్నడు సార్, అని పదిమందీ వింటుండగా చెప్పాడు. వాడికి చెప్పమన్నది వాడు చెప్పాడు. ఆమె బెల్లం పొట్లం గేటు దిమ్మె మీద పెట్టి వెళ్లిపోయింది.

అంతటితో అయిపోలేదు. రాజేశ్వర్ రావు కోటు ఆ వారం నుంచి సుబేదారిలో ఒక లాండ్రీకి పోవడం మొదలైంది. గంజి అలాగే, ఫెళఫెళ అలాగే. వడగుడ్డలు మాత్రం బయటికి పోలేదు. ధర్మసాగర్ నీళ్లు నల్లాలో వచ్చే వేళకు గట్టయ్య వాటిని లాబ్‌లోనే ఉతికి, ఉడకబెట్టి, గంజి తగలకుండా ఆరేసేవాడు. సార్ అట్లనే చెయ్యమన్నాడట. బంకలో గ్లూకోజ్ ఉందని అచ్చులో నిలబడిన మనిషి, అది గుడ్డలోనిదేనని ఒప్పుకుని గుడ్డలు మార్చాడు. పేపర్ మాత్రం మార్చలేదు. కమలకు ఒళ్లు మండిపోయింది. తెలియక చేసిన తప్పును ఎవరైనా క్షమిస్తారు. తెలిసి, గుడ్డ మార్చి, ఒక ఆడమనిషి నోటికాడి కూడు తీసి, మళ్లీ గ్లూకోజ్ వెతుకు అంటాడా? ఆ రోజు ఆమె కడిగిన గాజు గొట్టాలే మళ్లీ కడిగింది. కోపం వస్తే ఆమెకు మాట రాదు, చేతులు ఆడతాయి.

ఆ కోపం ఏళ్ల తరబడి ఆరలేదు. బతకడానికి పొద్దున ఒక ఆడపిల్లల జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేది, మధ్యాహ్నం నుంచి లాబ్. సార్ అడిగిన గ్లూకోజ్‌ను పక్కన పెట్టి, మొర్రిబంక అసలు రూపం తేల్చడానికి పూనుకుంది. పద్ధతి చెప్పడానికి సులువే. చక్కెరల ఖాళీ చేతులన్నిటికీ ముందు తొడుగులు వేయాలి, తర్వాత గొలుసు విరగ్గొట్టాలి. తొడుగు లేకుండా బయటపడిన చెయ్యి ఏదో, పక్కదాన్ని పట్టుకున్నది ఆ చెయ్యే. చెయ్యడానికి మాత్రం ప్రాణం పోతుంది. ఆ తొడుగులు వేసే మందు విషం. ఒకసారి ఆవిరి పీల్చి వారం రోజులు గొంతు పెగల్లేదు. ఆఖరి కొలతల యంత్రం ఇక్కడ లేదు, సీసాలు గుడ్డలో చుట్టుకుని తెల్లవారి రైలుకు హైదరాబాద్ పోయి, అక్కడ ఎవరినో బతిమాలి చేయించుకుని రావాలి. అట్లా ఒక్కో చెయ్యి, ఒక్కో కొమ్మ తేలుతూ వచ్చింది. గెలాక్టోజ్ బోదె, దాని మీద గెలాక్టోజ్ కొమ్మలు, కొసలకు అరాబినోజ్. గ్లూకోజ్‌కు చోటే లేదు.

ప్రతి ఏడూ ఆమె అధ్యాయాలు రాసి ఇచ్చేది. ప్రతి ఏడూ రాజేశ్వర్ రావు వాటి మీద ఎర్రసిరాతో గ్లూకోజ్ ఎక్కడ అని రాసి తిప్పి పంపేవాడు. బయట ఎవరైనా అడిగితే, ఆ పిల్ల పనితనం అంతంత మాత్రమే, పాపం కష్టపడతాంది, అని జాలి చూపేవాడు. తిట్టుకన్నా ఆ జాలే ఎక్కువ కాల్చింది. ఆమె వెనక చేరిన వాళ్లు డాక్టర్లై వెళ్లిపోయారు.

రామలింగం ఒకరోజు దుకాణం మూసి వచ్చి కూతురి ఎదురుగా కూర్చున్నాడు.

"ఒక్క మచ్చ కోసం ఇంత లొల్లెందుకు బిడ్డా? ఉన్నదని రాసెయ్యి. చదివేటోళ్లు ఎందరు, పట్టుకునేటోళ్లు ఎందరు?"

"బాపు, పక్క దుకాణపాయన తుమ్మబంకల వేపబంక కలిపి, ఇది రామలింగం సేటు సరుకే అని నీ పేరు చెప్పి అమ్ముతే ఊకుంటవా?"

రామలింగం కాసేపు మీసం దువ్వుకున్నాడు.

"ఊకోను. కాళ్లిరగ్గొడ్త," అని లేచి కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. ఆ తర్వాత ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఎనభై అయిదులో రాజేశ్వర్ రావు రిటైర్మెంటు దగ్గరపడింది. ఆయన దిగిపోయేలోపు సంతకం పడకపోతే కమల రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, మళ్లీ మొదటి నుంచి చేరాలి. థీసిస్ ఇచ్చే ముందు అందరి ముందూ మాట్లాడే సెమినార్ ఒకటి ఉంటుంది. దానికి హైదరాబాద్ నుంచి ఒక నిపుణుడిని పిలుస్తారు. ఆ అవకాశం ఒక్కటే మిగిలింది.

కమల వడ్డేపల్లి చెరువు గట్టుకు పోయింది. సారలమ్మ బండ మీద దుప్పటి బాదుతూ ఉంది. చూసీ చూడనట్టు ఇంకో నాలుగు దెబ్బలు వేసింది.

"ఇప్పుడు యాదికొచ్చిన్నా చిన్నమ్మా?"

"ఒక గుడ్డకు గంజి పెట్టాలె సారలమ్మా. అప్పట్ల పెట్టినట్లే."

"కాలేజి గుడ్డనైతే ముట్ట. నా ఉతుకుడు మంచిగ లేదని గేటు కాడ పదిమందిల అన్నరు. ఆ మాటవట్టుకోని సుబేదారిల నాలుగిండ్లు మాన్పిచ్చుకున్నయి. పొద్దుగూకులు ఈ బండ మీద సచ్చినా నా పెద్దపిల్ల ఫీజు ఎల్లలే ఆ యేడు."

కమల ఆమెకు మొత్తం చెప్పింది. గంజి గుడ్డలో ఉండటం, అది బంకలో కలవడం, దాన్ని సార్ ప్రపంచానికి చెప్పుకోవడం, తెలిశాక ఆమెను తీసేయడం. సారలమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని విన్నది.

"గంజి దండిగ వెట్టుమన్నది ఎవలు? నా ఇంట్ల బియ్యం ఎక్కువై వెట్టిన్నా?" అన్నది. తర్వాత చెయ్యి చాపింది. "తే ఆ గుడ్డ."

సెమినార్‌కు ముందు రోజు రాజేశ్వర్ రావు కమలను పిలిపించాడు. గొంతు మెత్తగా ఉంది. "గ్లూకోజ్ స్వల్పంగా కనిపించింది అని ఒక్క వాక్యం రాయి. ఎక్కడున్నదో చెప్పకు, నేను అడుగ. ఇప్పుడే సంతకం చేస్త," అన్నాడు. కమల లేదు సార్ అని బయటికి వచ్చింది. వరండాలో గోడను ఒక్కటి గుద్దాలనిపించింది. గుద్దలేదు, ఆ చేతులతో రేపు పని ఉంది.

మర్నాడు హాలు నిండింది. నల్లబల్ల మీద కమల రెండు కాగితాలు వేలాడదీసింది. ఒకటి తల్లి నెయ్యిగుడ్డతో వడగట్టిన బంకది, ఇంకోటి సారలమ్మ గంజి పెట్టిన గుడ్డతో వడగట్టినది. ఒకే చెట్టు బంక, ఒకే రోజు, ఒకే తొట్టి. రెండోదాంట్లో గ్లూకోజ్ మచ్చ, రాజేశ్వర్ రావు పేపర్లో అచ్చయిన చోటే, కూర్చుని ఉంది. టేబుల్ మీద రెండు గుడ్డల ముక్కలు పెట్టి, గొట్టంతో అయోడిన్ వేసింది. ఒకటి పసుపుపచ్చగా ఉండిపోయింది, ఒకటి నీలమైంది. తొడుగుల కథ, కొమ్మల కథ అంతా చెప్పి కూర్చుంది.

"అభ్యర్థి పనితనం గురించి నేను ముందే..." అని మొదలుపెట్టాడు రాజేశ్వర్ రావు.

హైదరాబాద్ నుంచి వచ్చిన నిపుణుడు ముసలాయన. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి కాగితాల దగ్గరికి పోయి చూశాడు.

"రాజేశ్వర్ రావు గారూ, ఇందులో వాదించడానికి ఏమీ లేదండీ. ఈ అమ్మాయి చెయ్యి బంగారం."

రాజేశ్వర్ రావు మొహంలో రంగులు మారాయి, ఆఖరికి చిరునవ్వు దగ్గర ఆగాయి. అట్లాంటి మనుషులు ఎక్కడా కింద పడరు.

"అవును, అవును. అసలు సంగతి ఏందంటే, చాకలామె అజాగ్రత్త. గుడ్డలల్ల గంజి ఉంచింది. నేను డెబ్బై ఎనిమిదిలనే కనిపెట్టి ఆమెను తీసేసిన. కమలా, థీసిస్‌ల ఒక వాక్యం రాయి. చాకలి అజాగ్రత్త వల్ల పూర్వపు ఫలితంల పొరపాటు దొర్లింది, తర్వాత విభాగాధిపతి దాన్ని గుర్తించి సరిచేసిండ్రు అని. చాలు."

ఎవరో నవ్వారు, ఇంకెవరో అమ్మయ్య అన్నారు. నిపుణుడు కూడా, సరే మరి, సుఖాంతం, సంతకం చేసేయండి అన్నాడు. రాజేశ్వర్ రావు జేబులోంచి కలం తీశాడు. ఇన్నేళ్లుగా కమల ఎదురుచూసిన కలం అది. గ్లూకోజ్ పోయింది, థీసిస్‌లో అబద్ధపు చక్కెర ఒక్కటి కూడా లేదు. ఆమె చెయ్యాల్సిందల్లా నోరు మూసుకుని కూర్చోవడం. ముందు వరుసలో రామలింగం అప్పుడే పైపంచెతో కళ్లు ఒత్తుకుంటున్నాడు.

కమల చేతులు ఊరుకోలేదు. అయోడిన్ గొట్టం ఇంకా చేతిలోనే ఉంది. నడిచి వెళ్లి, సంతకానికి చాచిన ఆ చేతి దగ్గర, బిర్రుగా నిలబడ్డ తెల్లకోటు అంచు మీద ఒక్క చుక్క వదిలింది. అందరూ చూస్తుండగా అది నల్లటి నీలంగా విచ్చుకుంది.

"సారలమ్మను తీసేసి ఏండ్లయింది సార్," అంది. ఈసారి మాట వచ్చింది. "ఈ గంజి ఎవల అజాగ్రత్త? ప్రతి గుడ్డకు దండిగ పెట్టుమన్నది మీరు. ఆమె మీరు చెప్పిన పని చేసింది. మీ కోటుకు ఇప్పటికీ పెడుతున్నరు, వడగుడ్డలకు ఎందుకు మానిపిచ్చిండ్రు? తెలిసే గదా? ఆ వాక్యం నేను రాయ."

గట్టయ్య తలుపు దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు. నిపుణుడు కళ్లజోడు కిందికి దించి రాజేశ్వర్ రావు వైపు చూస్తూ, "నిజమేనాండీ?" అని అడిగాడు. రాజేశ్వర్ రావు కలానికి మూత పెట్టాడు.

"ఈ పిల్ల కాగితం మీద నా సంతకం పడదు," అని వెళ్లిపోయాడు. వరండా పొడుగునా ఆ కోటు ఫెళఫెళ వినిపించింది.

పడలేదు కూడా. రిజిస్ట్రేషన్ రద్దయింది. ముసలాయన తన పేరు మీద మళ్లీ చేర్చుకుని, కిందా మీదా పడి, రెండో ఏట డిగ్రీ ఇప్పించాడు. థీసిస్ మూడో పేజీలో కమల ఒక వాక్యం రాసింది. 'పూర్వం వడగుడ్డలకు విభాగాధిపతి ఆదేశం ప్రకారం గంజి పెట్టేవారు, ఆ గంజే గ్లూకోజ్‌గా నమోదైంది.' రిటైరైన పెద్దమనిషి, ఎందుకమ్మా, తీసెయ్యరాదా అని చాలామంది చెప్పారు. ఆమె తీయలేదు.

ఆ రసాయనశాస్త్ర విభాగంలోనే ఉద్యోగం వచ్చాక, ఆమె మొదట చేసిన పని కొత్త అధిపతితో మాట్లాడి లాబ్ గుడ్డల పని తిరిగి సారలమ్మకు ఇప్పించడం. ఆ మాట చెప్పడానికి సంబరంగా చెరువు గట్టుకు పోయింది.

"మల్ల కాలేజి గుడ్డలు నీకే సారలమ్మా. గంజి లేకుంట."

సారలమ్మ పిండిన చీర దులిపి ఆరేసింది. వెనక్కి తిరగలేదు.

"నాకొద్దు. వాండ్లనే ఉతుక్కొమ్మను. నా ఉతుకుడు మంచిగ లేదని గేటు కాడ పదిమందిల అన్నరు గద. తప్పైందని అదే గేటు కాడ, పదిమందిల అనుమను. అప్పుడు ఆలోచిస్త."

కమల మర్నాడు పొద్దున్నే కొత్త అధిపతి గదికి పోయి, సారలమ్మ అన్నది ఒక్క మాట పోకుండా చెప్పింది. ఆయన నవ్వబోయి, ఎదురుగా ఉన్న మొహం చూసి ఆపుకున్నాడు, గట్టయ్యను పిలవమన్నాడు.